చేపు గురించి ఒక గంట: పాడి శిక్షణ పాఠాలు రాసే నిపుణులకు బహిరంగ లేఖ

పాడి రైతుల కోసం శిక్షణ పాఠాలు తయారుచేసే పశువైద్యులకు, పశుపోషణ నిపుణులకు నమస్కారం.

ఈ వేసవిలో మా ఆయనకు కంటి శుక్లం తీశారు. కొన్నాళ్లు వంగకూడదు, బరువులు ఎత్తకూడదు, దుమ్ములోకి పోకూడదు అన్నారు. మాకు నాలుగు గేదెలు. మేత వేసేది, కడిగేది, పేడ తీసేది నేను. పాలు పితికేది మాత్రం ఎప్పుడూ ఆయనే. కాబట్టి గేదెలకు నేను కొత్తదాన్ని కాను, పాలు పితికే మనిషిగానే కొత్త.

మొదటి రోజు తెల్లవారుజామున మా గేదె గౌరి పక్కన గిన్నె పెట్టుకుని కూర్చున్నాను. దూడను వదిలాను. అది ఆబగా వచ్చి పొదుగును నాలుగుసార్లు కుమ్మింది. గౌరి తల తిప్పి నన్నొకసారి చూసింది, కాళ్లు మార్చి మార్చి నిలబడింది, గాడిలో దాణా వంక కూడా చూడలేదు. చనుకట్లు మెత్తగా వేలాడుతూనే ఉన్నాయి. పూటకు నాలుగు లీటర్లిచ్చే గేదె అర లీటరు కూడా ఇవ్వలేదు. దాణా అదే, దూడ అదే, పాక అదే. సాయంత్రమూ అదే తంతు.

మర్నాడు మా ఆయన మంచం మీద నుంచే చెప్పారు. "పాకలో మేకుకు నా చొక్కా ఉంటుంది చూడు. ఉతక్కు. అలాగే తొడుక్కుని కూర్చో. ఏమీ మాట్లాడకు." ఆ చొక్కాను ఎన్నిసార్లు పారేయబోయానో నాకే తెలుసు. తవుడు, చెమట, పేడ, ఎండిన పాలు అన్నీ కలిసి దానికొక వాసన. తొడుక్కున్నాను. తలకు ఆయన తువ్వాలు చుట్టుకున్నాను. రెండు నిమిషాలు దాటాయో లేదో పొదుగు బిగిసింది, చనుకట్లు నిండుగా అయ్యాయి, దూడ మూతి పక్కల నుంచి నురగ కారింది. గౌరి చేపింది, అంటే పాలు కిందికి వదిలింది.

మూడున్నర లీటర్లొచ్చాయి. మిగతా అర లీటరు నా వేళ్ల చేతకానితనం.

ఇది జరిగిన రెండు వారాలకు మా ప్రాంతంలో పాడి రైతులకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. వెళ్లాను. పచ్చిమేత, చూడి పరీక్ష, కృత్రిమ గర్భధారణ, పొదుగువాపు, గాలికుంటు టీకా, వెన్న శాతం, బీమా. మంచి పాఠాలే. పొదుగువాపు గురించి విన్నది ఆ నెలలోనే పనికొచ్చింది కూడా. చివర్లో ప్రశ్నలు అడగమంటే లేచి ఈ చొక్కా సంగతి చెప్పి, పశువు మనసు గురించి ఏమైనా చెబుతారా అని అడిగాను. పాఠం చెప్పిన యువకుడు నవ్వి, "అది అలవాటమ్మా. పశువుకు మనసేమిటి?" అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఎందుకంటే ఆ వయసులో నన్నడిగితే నేనూ అదే చెప్పి ఉండేదాన్ని. ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పినదాన్ని. కప్పను కోయించాను. బొద్దింక నోటి భాగాలు వరుస తప్పకుండా అప్పజెప్పించుకున్నాను. బతికున్న జంతువుకు లోపల ఏమనిపిస్తుందన్నది మా సిలబస్‌లో లేదు. లేదు కదా అని నేనూ ఎత్తలేదు.

అందుకని ఆ యువకుడి మీద నాకు కోపం లేదు. తన చేతిలో ఉన్న పుస్తకంలో లేనిది ఆయన ఎలా చెబుతాడు? ఆ పుస్తకం రాసేది మీరు. మూడు రోజుల్లో ఒక్క గంట పశువు మనసు కోసం కేటాయించమని మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ గంటను "చేపు" అన్న మాటతో మొదలుపెట్టమని కూడా.

ఆ మాట మన రైతులది. పొదుగులో పాలుండటం వేరు, గేదె చేపడం వేరు. ఆ రెంటికీ మధ్య గేదె ఒప్పుకోలు ఒకటుంది. పసిబిడ్డ ఏడుపు వినగానే తల్లికి పాలు వస్తే దాన్నీ చేపు అనే అంటాం. గేదెకూ మనిషికీ ఒకే క్రియ వాడటానికి మన పెద్దవాళ్లకు ఏ ప్రయోగశాలా అవసరం కాలేదు.

లోపల జరిగేది మీకు నేను చెప్పనక్కర్లేదు, కానీ రైతుకు చెప్పాలి. పాలు తయారయ్యేది పొదుగు పైభాగాన ఉండే కంటికి కనిపించనంత చిన్న తిత్తుల్లో. వాటి చుట్టూ అల్లుకున్న కండర కణాలు నొక్కితేనే పాలు కిందికి దిగుతాయి. నొక్కించేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. దూడ మూతి తగిలినా, తెలిసిన చేయి తగిలినా, కొన్నిసార్లు దాణా బకెట్టు చప్పుడు విన్నా, మెదడు కింద ఉండే పీయూష గ్రంథి దాన్ని రక్తంలోకి వదులుతుంది. పాడి ఆవుకు సుమారు ఐదో వంతు పాలు పొదుగు అడుగునున్న గదిలోకి ముందే దిగి ఉంటాయి. ముర్రా జాతి గేదెలో ఆ వాటా ఇరవయ్యో వంతే. అంటే గేదె పాలలో నూటికి 95 పాళ్లు అది చేపితేనే మనవి. ఆవును బెదిరించి ఎంతో కొంత పిండుకోవచ్చు. గేదెను బెదిరిస్తే గిన్నె అడుగు కూడా తడవదు. గేదెలు పెంచే మనకు పశువు మనసు తీరుబడి కబురు కాదు, పాల లెక్క.

1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ఆవు పొదుగులో సగభాగానికి వెళ్లే నరాలు కత్తిరించి చూశారు. అయినా ఆ సగం కూడా మిగతా సగంతో సమానంగా చేపింది. పాలు వదలమన్న కబురు నరాల మీద కాక రక్తంలో వస్తోందని తేలింది. తర్వాత ఆవును భయపెట్టారు. ఎలాగంటారా, దాని వీపు మీద పిల్లిని కూర్చోబెట్టి, పది సెకన్లకొకసారి చొప్పున రెండు నిమిషాల పాటు కాగితపు సంచులు పేల్చారు. పాలు ఆగిపోయాయి. కొన్నాళ్లకు పిల్లి అనవసరమని తేల్చుకుని దాన్ని మానేశారట, సంచులే చాలాయి. పాపం ఆ పిల్లికి ఏమనిపించిందో ఎవరూ కొలవలేదు. భయపడిన ఆవు రక్తంలో అడ్రినలిన్ పెరిగి ఆక్సిటోసిన్ పనిని అడ్డుకుంటుందని వాళ్లు వివరించారు.

చాలాకాలం మన పుస్తకాల్లోనూ ఆ వివరణే ఉంది. కానీ గౌరి కథకు అది సరిపోదు. నేను దాన్ని భయపెట్టలేదు. 1993లో బ్రుక్‌మైయర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఆవులను అలవాటైన చోటు నుంచి తెలియని గదికి తీసుకెళ్లి పాలు తీస్తూ రక్తం పరీక్షించారు. తెలియని చోట ఆక్సిటోసిన్ రక్తంలోకి సరిగా రానే లేదు. పొదుగుకు ఏ లోపమూ లేదు, బయటి నుంచి ఆ హార్మోను ఎక్కిస్తే పాలు దిగాయి. తాళం పడింది మెదడులో. సంతలో కొన్న గేదె మన పాకలో వారం రోజులు పాలు పైకి లాక్కుంటే, అమ్మినవాడు మోసం చేశాడని పంచాయితీ పెట్టిన వాళ్లను నేను చూశాను. ఆ గేదె నడిచొచ్చిన దారి, వదిలొచ్చిన తోడు గేదెలు, మారిన గొంతులు ఎవరి లెక్కలోనూ లేవు.

ఇంకొక ప్రయోగం చెప్పకుండా ఉండలేను. 1999లో రషెన్, పాసిల్లే, ముంక్స్‌గార్డ్ అనే ముగ్గురు పరిశోధకులు ఆవులకు ఇద్దరు మనుషులను అలవాటు చేశారు. ఒకరు నిమిరేవారు, రెండోవారు విసుక్కునేవారు, కొట్టేవారు. ఆ తర్వాత పాలు తీసే వేళ ఆ రెండో మనిషి ఏమీ చేయకుండా ఊరికే పక్కన నిలబడ్డాడు. అంతే. పిండాక పొదుగులో మిగిలిపోయిన పాలు 70 శాతం పెరిగాయి, గుండె వేగమూ పెరిగింది. చెయ్యి లేపలేదు, గొంతు పెంచలేదు. ఆవు ఆ మనిషిని గుర్తుపట్టింది, జరగబోయేది ఊహించుకుంది. గుర్తుపట్టి, ఊహించి, బెంగపడేదాన్ని ఇంకేమని పిలవాలో నాకు తోచడం లేదు. "అలవాటు" అంటే అననివ్వండి, నాకు మా అత్తగారింట్లో కొందరిని చూస్తే కలిగేదీ ఆ అలవాటే.

2009లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వాళ్లు 516 మంది పాడి రైతులను అడిగి, ఆవులను పేరు పెట్టి పిలిచేవారి దగ్గర ఏడాదికి ఆవుకు 258 లీటర్లు ఎక్కువ వస్తున్నాయని ప్రకటించారు. దానికి ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది, అది ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చేది. మీరు దీన్ని పాఠంలో పెడితే జాగ్రత్తగా పెట్టండి. అది సర్వే. పేరుకు పాలు రావు, పేరు పెట్టే మనిషి ఇంకా ఏమేమి చేస్తాడన్నది అసలు సంగతి. మా వీధిలో గేదెకు లక్ష్మి అని పేరుపెట్టి ముల్లుకర్రతో పొడిచేవాడూ ఉన్నాడు.

ఇక సూది. మీరు మాట్లాడటానికి మొహమాటపడే విషయం ఇదేనని నా అనుమానం. గేదె చేపకపోతే సూది వేస్తారు, అందులో ఉండేది ఆ ఆక్సిటోసినే. తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ చిన్న గొలుసును 1953లో ప్రయోగశాలలో తయారుచేసినందుకు డు విన్యో అనే రసాయన శాస్త్రవేత్తకు రెండేళ్ల తర్వాత నోబెల్ బహుమతి ఇచ్చారు. కాన్పులో రక్తస్రావం ఆపి తల్లుల ప్రాణం నిలిపే మందు అది. దుర్వినియోగం ఆపడానికని 2018లో కేంద్రం ప్రైవేటు తయారీని నిషేధిస్తే, అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆసుపత్రులకు మందు కరువు కాకూడదన్న మాట న్యాయమైనదే. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో 12వ సెక్షన్ ఉంది. పాల కోసం ఆరోగ్యం చెడేలా పశువుకు సూదులు వేస్తే వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు. ఈ సెక్షన్ గురించి శిక్షణలో ఒక్క మాట వినలేదు.

ఆ పాలు తాగితే ఆడపిల్లలు త్వరగా పెద్దమనుషులవుతారన్న ప్రచారం మాత్రం ప్రతి ఇంట్లో వింటాను. ఆ హార్మోను కడుపులో జీర్ణమైపోయే పదార్థం. తాగేవాళ్ల మీద పెట్టిన బెంగలో పదో వంతు గేదె మీద పెడితే బాగుండును. రోజూ సూది వేసిన ఆవుల మీద బ్రుక్‌మైయరే 2003లో రాశారు, కొన్నాళ్లకు సూది లేకుండా చేపడం తగ్గిపోతుందని. ఇది మా ఊళ్లో అందరికీ తెలుసు. "సూదికి మరిగిన గేదె" అని తక్కువ ధరకు అమ్ముతారు. మరిగించింది ఎవరో ఆ బేరంలో రాదు.

సూది రాకముందు గడ్డిదూడ ఉండేది. మా అమ్మమ్మ వాళ్ల గేదెకు దూడ చనిపోతే, తోలు ఒలిపించి, ఎండబెట్టి, లోపల గడ్డి కుక్కి, నాలుగు కర్రకాళ్లు పెట్టి నిలబెట్టారు. నాకప్పుడు ఏడెనిమిదేళ్లుంటాయి. గేదె దాన్ని నాకుతుంటే తాతయ్య పాలు తీసేవాడు. ఒకరోజు కుట్టు ఊడి కడుపులోంచి గడ్డి బయటికొచ్చింది. గేదె ఒక్క క్షణం ఆగి వాసన చూసి, ఆ గడ్డిని పీక్కుని తినడం మొదలుపెట్టింది. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వాం. దాన్నే తలచుకుని చాలామంది "చూశావా, దానికి దూడ మీద ప్రేమ ఉంటే గడ్డి తింటుందా" అంటారు. నాకిప్పుడు వేరేగా అనిపిస్తుంది. గేదె తన దూడను ఈనిన తొలి గంటల్లోనే వాసనతో పట్టేసుకుంటుంది. తోలులో మిగిలిన ఆ కాస్త వాసనకు నెలల తరబడి అది పాలు వదిలింది. వాసన ఉన్నంత మేర దూడ, గడ్డి ఉన్నంత మేర గడ్డి. చనిపోయిన మనిషి చీరను మడిచి పెట్టుకుని, అదే చీరతో అవసరమైతే బొంత కుట్టించుకునే మనకు ఇది అర్థం కానంత వింతేమీ కాదు.

మా ఆయన చొక్కా విషయంలోనూ నేను ఎక్కువ చెప్పదలచుకోలేదు. గౌరికి ఆయన మీద ఉన్నది ప్రేమా, నేను కూర్చోవడంతో వరుస తప్పిందన్న బెదురా, నాకు తెలియదు. ఆయన మాత్రం ప్రేమేనంటారు.

ఇంతవరకు రాసిందంతా పాల లెక్క. రైతు వింటాడని ముందు అదే రాశాను. కానీ మనసున్నది లాభం ఉన్నంత మేరే కాదు కదా. మా పాకలో మూడేళ్లలో ముగ్గురు మగదూడలు పుట్టాయి. పెయ్యదూడకు ఒక చనుకట్టు వదిలే చేత్తోనే మగదూడకు చేపు వరకు మాత్రమే మూతి పెట్టనిచ్చి లాగేశాం. ఒకటి నెల తిరక్కుండా చనిపోయింది. నేనే ఊడ్చి, కడిగి, సున్నం చల్లాను. తల్లి రెండు రోజులు గుమ్మం వైపే తిరిగి అరిచింది. మూడో రోజుకు దాణాకు చేపింది, మేమూ ఊపిరి పీల్చుకున్నాం. ఇందులో మాది ఏ మేరకు తప్పో నేను ఇంకా లెక్క తేల్చుకోలేదు.

తల్లి నుంచి విడదీసిన దూడల మీద 2014లో కెనడాలో జరిగిన ఒక ప్రయోగం చదివాక ఆ అరుపు మళ్లీ వినిపించింది. దూడలకు తెరమీద రెండు రంగులు చూపి, ఒక రంగు కనిపిస్తే దగ్గరికి వెళ్లు, పాలు దొరుకుతాయి, రెండోది కనిపిస్తే దొరకవు అని నేర్పారు. తర్వాత రెంటికీ మధ్య రంగులు చూపారు. ఉల్లాసంగా ఉన్న దూడ అదీ పాల రంగేనేమోనని ముందుకు వెళుతుంది. తల్లి నుంచి విడదీశాక అవే దూడలు అదే మధ్య రంగు చూసి వెనక్కి తగ్గాయి. కొమ్ము మొలకలను కాల్చినప్పుడు కనిపించే నిరాశ కూడా ఇదే. దిగులుపడిన మనిషికి ప్రతి ఫోనూ చెడ్డ కబురులాగే మోగుతుంది, అలాగన్నమాట.

సంతోషానికీ సాక్ష్యం ఉంది. కేంబ్రిడ్జిలో హేగెన్, బ్రూమ్ అనే పరిశోధకులు 2004లో ఆవు పెయ్యలకు ఒక పలకను నొక్కితే గేటు తెరుచుకుని మేత దొరికేలా నేర్పారు. వాటికి జోడుగా ఇంకొన్ని పెయ్యలు. వాటికీ అంతే మేత దొరుకుతుంది, కానీ అవి ఏం చేసినా చేయకపోయినా గేటు దానంతటదే తెరుచుకుంటుంది. కిటుకు పట్టుబడుతున్న దశలో మొదటి జట్టు పెయ్యలకు గుండె వేగం పెరిగింది, గంతులు వేస్తూ మేత వైపు పరిగెత్తాయి. మేత ఇద్దరికీ ఒకటే. గంతులు తెలుసుకున్నందుకు. ముప్పై ఏళ్ల పాఠాల్లో లెక్క తెలిసి బెంచీ మీద ఎగిరిన పిల్లలను చూశాను కాబట్టి ఈ ప్రయోగమంటే నాకు పక్షపాతం.

మన భాషలో గేదెకు మంచిపేరు లేదు. మొండివాడిని "దున్నపోతు మీద వాన కురిసినట్టు" అంటాం. నల్ల చర్మం, ఆవుకన్నా బాగా తక్కువ చెమట గ్రంథులు. ఎండకు తాళలేక బురద వెతుక్కునే జంతువు మీద వాన పడితే అది కదలకుండా నిలబడక ఏం చేస్తుంది? స్నానం చేసేటప్పుడు మనమూ అంతే కదా. దాని సుఖాన్ని మనం మొద్దుతనంగా చదువుకున్నాం.

చెప్పొచ్చేదేమిటంటే, పైన రాసిన ప్రయోగాలన్నీ ఆవుల మీదివే, అవీ ఎక్కువగా విదేశాల్లోవి. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో దాదాపు 11 కోట్ల గేదె జాతి పశువులున్నాయి. గేదె మనసును మనం కాకపోతే ఎవరు చదువుతారు? తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్, కోరుట్లలో పశువైద్య విద్యార్థులున్నారు. నా చొక్కా ప్రయోగానికి ఖర్చు రెండు చొక్కాలు, ఒకటి ఉతికినది, ఒకటి ఉతకనిది. వాసన పని చేసిందా, రంగా, నా మౌనమా అని విడదీసి చూడటం ఒక విద్యార్థి వేసవి సెలవుల్లో చేయగల పని. ఫలితం "అది అలవాటే" అని వచ్చినా సరే, పుస్తకంలో వేయండి. నవ్వి వదిలేయడం కన్నా అది మేలు.

రైతుకు ఖర్చు పెరుగుతుందన్న భయం అక్కర్లేదు. పాలు తీసే మనిషిని మాటిమాటికీ మార్చకండి, సంతలో కొన్న గేదెకు వారం గడువివ్వండి, పాలవేళ కర్ర పాక బయట పెట్టండి అని చెప్పడానికి బడ్జెట్ కేటాయింపు అవసరం లేదు. మగదూడ సంగతి మాత్రం ఖర్చుతో కూడిందే. దానికి నా దగ్గర జవాబు లేదు, అందుకే ఆ గంటలో పదిహేను నిమిషాలు దాని గురించి రైతులనే మాట్లాడనివ్వమంటున్నాను. మాకు తెలియక కాదు, ఎవరూ అడగక నోరు విప్పడం లేదు.

పాఠం తయారుచేసే ముందు ఒకసారి మా ఊరు రండి. తెల్లవారుజామున ఐదింటికల్లా పాకలో ఉండాలి. సెంటు పూసుకోకండి, ఫోను శబ్దం తీసేయండి, గుమ్మానికి ఇవతలే నిలబడండి. మా ఆయన కన్ను బాగుపడింది, మళ్లీ ఆయనే పితుకుతున్నారు. మీరు ఉన్నారని గౌరి మొదటి పూట చేపకపోవచ్చు. అప్పుడు సాయంత్రం దాకా ఉండాల్సి వస్తుంది. భోజనం మా ఇంట్లోనే.

ఇట్లు,
నాలుగు గేదెల యజమానురాలు, విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు